కొత్త రీఫ్ ట్యాంక్‌కి ఏ ఫిల్టర్ ఎప్పుడు పెట్టాలి? బరంపురం వైపు వాళ్ళకి ఎంపిక సలహా

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెడదామని దుకాణానికి వెళ్తే ముందు చేతికొచ్చేది సామాన్ల చీటీ. స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది), యూవీ (అతినీలలోహిత దీపం), కార్బన్ రియాక్టర్, ఫాస్ఫేట్ రియాక్టర్ (గుళికల గుండా నీళ్ళు పంపే గొట్టాలు), రిఫ్యూజియం లైటు, బయోపెల్లెట్లు. అన్నీ కలిపి తీసుకుంటే రేటు తగ్గిస్తామంటారు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్నవాళ్ళకి దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ సామాన్లలో చాలావరకు విశాఖ నుంచో, కోల్‌కతా నుంచో, చెన్నై నుంచో రావాలి. ఎలాగూ తెప్పిస్తున్నాం, అన్నీ ఒకే పార్సిల్‌లో తెప్పించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

అలా చెయ్యొద్దని నేను గట్టిగా చెబుతాను. ప్రతి ఫిల్టరూ నీళ్ళలోంచి ఏదో ఒకదాన్ని తీసేస్తుంది. తీసెయ్యాల్సింది ట్యాంక్‌లో తయారయ్యాకే ఆ ఫిల్టర్‌కి పని ఉంటుంది. ముందే పెడితే డబ్బు దండగ కావడంతో ఆగదు. నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు రెండూ సున్నాకి పడిపోయి, పగడాలు పాలిపోయి, మామూలు నాచు కంటే మొండిదైన గోధుమరంగు జిగురు ట్యాంకంతా పట్టేస్తుంది. కాబట్టి ఏది కొనాలన్న ప్రశ్న కంటే ఏది ఎప్పుడు పెట్టాలన్న ప్రశ్నే ముఖ్యం. దానికి జవాబు క్యాలెండర్‌లో కాదు, టెస్ట్ కిట్‌లో దొరుకుతుంది.

ట్యాంక్ కంటే ముందు నీళ్ళు

అందరూ వెనక్కి నెట్టేసే ఫిల్టర్ ఒకటుంది. నిజానికి మొదట కొనాల్సింది అదే, నీళ్ళని పొర గుండా వడకట్టి, మిగిలిన ఖనిజాల్ని డీఐ రెసిన్‌తో తీసేసే ఆర్‌ఓ‌డీఐ యూనిట్. వంటింట్లో ఉన్న ఆర్‌ఓ చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. తాగే నీళ్ళ ఆర్‌ఓలో రుచి కోసం కొంత ఖనిజాన్ని మళ్ళీ కలిపే ఏర్పాటు ఉంటుంది. నీళ్ళలో కరిగిన పదార్థాన్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే యాభయ్యో, వందో చూపిస్తుంది. రీఫ్‌కి కావాల్సింది సున్నా. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తేనే ఆ సున్నా వస్తుంది.

ఎందుకంత పట్టుదల అంటే లెక్క చూడండి. ఎండాకాలంలో 200 లీటర్ల ట్యాంక్ నుంచి రోజుకి 3 లీటర్లు ఆవిరైపోతాయనుకుందాం. నెలకి 90 లీటర్లు. ఆవిరయ్యేది ఉత్త నీరు, ఉప్పూ ఖనిజాలూ ట్యాంక్‌లోనే ఉండిపోతాయి. పైనుంచి మీరు పోసేది 200 టీడీఎస్ (లీటరుకి 200 మిల్లీగ్రాములు) ఉన్న బోరు నీళ్ళయితే, నెలకి 18 గ్రాముల పదార్థం అదనంగా ట్యాంక్‌లోకి చేరుతుంది. అందులో సిలికేట్ ఎంతో, ఫాస్ఫేట్ ఎంతో, రాగి ఎంతో మీకు తెలియదు. పీతలు, రొయ్యలు, నత్తలు, పగడాలు వీటన్నిటికీ రాగి విషం. తర్వాత ఫాస్ఫేట్ రియాక్టర్ కొని ఈ తప్పును దిద్దుకోవడం కంటే, ముందే డీఐ గొట్టం పెట్టుకోవడం చాలా చవక.

ఇక్కడే గోపాల్‌పూర్ ప్రశ్న వస్తుంది. సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడం దేనికి అని. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ మన తీరంలో ఏడాది పొడవునా ఒకే సముద్రం ఉండదు. వానలప్పుడు రుషికుల్య, మహానది పొంగి వచ్చి కలుస్తాయి. నైరుతి వానలు తగ్గాక తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల తీపి నీళ్ళను మనవైపు తోసుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో పైపొర నీళ్ళు బాగా పలచగా ఉంటాయి. రీఫ్‌కి కావాల్సిన 35 పీపీటీ (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర, అప్పుడు దొరకదు. పైగా ఒడ్డున అలలు విరిగే చోట నీళ్ళలో ఒండ్రు, కుళ్ళిన పదార్థం ఎక్కువ.

మార్చి నుంచి మే లోపు, తెలుగు మాట్లాడే నోలియా జాలరులు ఎవరైనా మీకు తెలిసినవాళ్ళుంటే, వేటకి వెళ్ళినప్పుడు లోపలి నీలం నీళ్ళు క్యాన్లలో తెమ్మని అడగొచ్చు. అలా తెచ్చినా ఉప్పు, ఫాస్ఫేట్ కొలవకుండా పోయకండి. ఆ నీళ్ళతో ట్యాంక్ మొదలుపెడితే స్కిమ్మర్ మొదటి రోజునుంచే నడవాలి, ఎందుకంటే అందులో ప్రాణమున్నవీ, చనిపోయేవీ రెండూ ఉంటాయి. మొదటి ఏడాదికి మాత్రం ప్యాకెట్ ఉప్పూ సున్నా టీడీఎస్ నీళ్ళే మంచివని నా అభిప్రాయం. ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం వెతికే దారి సులభంగా ఉంటుంది.

ఇసుక విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. గోపాల్‌పూర్, ఛత్రపురం ఒడ్డు ఇసుక ఎంత అందంగా ఉన్నా ట్యాంక్‌లో వెయ్యొద్దు. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ ఆ ఇసుకలోంచే ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి భార ఖనిజాలు వేరుచేస్తోంది. మీకు కావాల్సింది క్యాల్షియం కార్బొనేట్ ఉన్న అరగొనైట్ ఇసుక. ఒడ్డు ఇసుకలో అది దాదాపు లేనట్టే.

స్కిమ్మర్: మొదటి రోజా, సైకిల్ అయ్యాకా, అసలు వద్దా?

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది దీని మీదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సైకిల్ అంటే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ట్యాంక్‌లో స్థిరపడే దశ.

స్కిమ్మర్ చేసే పని సన్నటి గాలి బుడగలు పుట్టించడం. నీళ్ళలో కరిగిన ప్రొటీన్లు, కొవ్వులు ఆ బుడగల పైన అంటుకుని నురగగా పైకి వచ్చి గిన్నెలో పడతాయి. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియాగా మారకముందే కొంత భాగం బయటికి వెళ్ళిపోతుంది. కానీ అప్పటికే తయారైన అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను స్కిమ్మర్ లాగలేదు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

రెండు పాత దారులు ఇప్పటికీ మన ముందు ఉన్నాయి. 1960ల మొదట్లో ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ప్రాణమున్న రాళ్ళు (సముద్రంలోంచి తెచ్చిన, బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టి ఉన్న రాళ్ళు), గాలి బుడగలు, ఎండ, వీటితోనే పగడాలు పెంచి చూపించాడు. ఫిల్టర్ పెట్టెలేవీ లేవు. తర్వాత జర్మనీలో బెర్లిన్ పద్ధతి వచ్చింది. ప్రాణమున్న రాళ్ళకి తోడు గట్టి స్కిమ్మర్, బలమైన లైటు. ఇప్పుడు మనం నడిపే ట్యాంకుల్లో ఎక్కువ భాగం ఈ రెండో దారివే. రెండింటిలోనూ అసలు ఫిల్టర్ రాయే. రాయి మీదా, దాని సూక్ష్మ రంధ్రాల్లోనూ బతికే బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది.

మన దగ్గర ఆ రాయి విషయంలో ఒక కట్టుబాటు ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతి పగడాలకి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. మన సముద్రాల్లోంచి పగడాలనీ, అవి పట్టి ఉన్న రాళ్ళనీ తీసుకురావడం నేరం. ఎవరైనా 'మండపం రాయి', 'అండమాన్ రాయి' అని రహస్యంగా అమ్మజూపితే కొనకండి. చట్టం సంగతి అలా ఉంచినా, మనం ఇష్టపడే రీఫ్‌ని మనమే పగలగొట్టించినట్టు అవుతుంది. పగడాలు కొనేటప్పుడు కూడా దిగుమతి కాగితాలు చూపించమని అడగండి. కాబట్టి మనలో చాలామంది మొదలుపెట్టేది ఎండు రాయితోనే, లేదా సిరామిక్ రాయితో. స్కిమ్మర్ ఎప్పుడన్న ప్రశ్నకి జవాబు సగం ఇక్కడే తేలిపోతుంది.

ఎండు రాయి, ప్యాకెట్ ఉప్పు, అమ్మోనియం క్లోరైడ్ చుక్కలతో సైకిల్ చేస్తున్నారనుకోండి. నీళ్ళలో ప్రొటీన్ ఏదీ లేదు. స్కిమ్మర్ నడిచినా గిన్నె ఖాళీగానే ఉంటుంది. సీసాలో వచ్చే బ్యాక్టీరియా పోస్తే, మొదటి కొన్ని రోజులు స్కిమ్మర్, యూవీ ఆపమని చాలా సీసాల మీద రాసే ఉంటుంది. అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వరకు పెంచి, అది 24 గంటల్లో సున్నాకి వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపించేవరకు ఆగడమే పని. మామూలుగా దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, సీసా బ్యాక్టీరియాతో కాస్త తగ్గొచ్చు.

ఇలాంటి ట్యాంక్‌కి నా సలహా ఇది. స్కిమ్మర్ కొని ఉంచండి, కానీ మొదటి చేప రావడానికి ఓ పది రోజుల ముందు బిగించండి. కొత్త స్కిమ్మర్ లోపల తయారీ నూనె పొర ఉంటుంది. అది పోయి నురగ నిలకడగా రావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి చేప వచ్చేసరికి మెషిన్ దారిలో పడి ఉంటుంది. నురగ రావట్లేదని రోజూ నీటి మట్టం స్క్రూ తిప్పకండి, ఈ దశలో అది మామూలే. ట్యాంక్‌లో చెయ్యి పెట్టినా, మేత వేసినా కాసేపు నురగ పడిపోతుంది. రాళ్ళు అతికించే ఎపాక్సీ వాడినా, క్లోరిన్ పోగొట్టే కండిషనర్ పోసినా దానికి ఎదురుగా గిన్నె పొంగి పొర్లుతుంది.

దిగుమతి అయిన ప్రాణమున్న రాయి దొరికినా, సముద్రపు నీళ్ళతో మొదలుపెట్టినా లెక్క మారుతుంది. రాయి మీద స్పాంజ్‌లు, పురుగులు ప్రయాణంలో చచ్చి కుళ్ళుతూ ఉంటాయి. అప్పుడు స్కిమ్మర్ మొదటి గంట నుంచే నడవాలి.

అసలు స్కిమ్మర్ లేకుండా? 60 నుంచి 100 లీటర్ల ట్యాంక్‌లో రెండు క్లౌన్ చేపలు, జోయాంథిడ్‌లు, మష్రూమ్‌లు, లెదర్ కోరల్ లాంటి మెత్తటి పగడాలు పెట్టుకునేవాళ్ళు నిశ్చింతగా వదిలేయొచ్చు. 80 లీటర్లలో వారానికి పది శాతం మార్చడమంటే 8 లీటర్లు, ఒక బకెట్ పని. అదే 300 లీటర్లయితే వారానికి 30 లీటర్ల శుద్ధ నీరు, కిలో పైన ఉప్పు. మొదటి రెండు నెలలు ఉత్సాహంగా మారుస్తాం, తర్వాత వాయిదా వేస్తాం. ట్యాంక్ పెద్దదయ్యేకొద్దీ స్కిమ్మర్ ఖర్చు ఉప్పు ఖర్చులోనే తిరిగొస్తుంది. సైజు విషయంలో కూడా తొందరపడకండి. 200 లీటర్ల ట్యాంక్‌కి 1000 లీటర్ల ట్యాంక్ కోసం చేసిన స్కిమ్మర్ తెస్తే, రెండు చేపలున్న కొత్త ట్యాంక్‌లో దానికి పట్టడానికి సరిపడా మురికి లేక నురగ నిలబడదు.

కరెంటు, తుపాను, సంప్

వేరే ఊళ్ళ సలహాలు మనకి పూర్తిగా ఎందుకు సరిపోవో ఇక్కడ తెలుస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. కరెంటు రోజుల తరబడి లేదు. ట్యాంక్ పెట్టేవాళ్ళు ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

కరెంటు పోయినప్పుడు చేపల్ని ముందు చంపేది అమ్మోనియా కాదు, ప్రాణవాయువు కొరత. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకి దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 డిగ్రీలకి అది 6.2కి పడుతుంది. కదలిక లేని నీళ్ళలో రాళ్ళలోని బ్యాక్టీరియా, పగడాలు, చేపలు అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి.

కాబట్టి యూవీ, రియాక్టర్ల కోసం దాచిన డబ్బులో మొదటి భాగం బ్యాకప్‌కి పెట్టండి. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ ఉందనుకుందాం. కాగితం మీద అది 1800 వాట్ అవర్స్. ఆచరణలో వెయ్యి వరకు నమ్మొచ్చు. నీళ్ళని కదిలించే 10 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే దానిమీద ఉంచి, ఇన్వర్టర్ తనకోసం తినే ఇరవై వాట్లు కలుపుకున్నా, ఒక రోజు పైనే నెట్టుకొస్తుంది. కింది నుంచి ట్యాంక్‌లోకి నీళ్ళు పంపే రిటర్న్ పంపు, స్కిమ్మర్, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ అన్నీ దానికే తగిలిస్తే కొన్ని గంటల్లో చేతులెత్తేస్తుంది. కరెంటు పోగానే వేవ్‌మేకర్ మాత్రమే నడిచేలా ప్లగ్‌లు ముందే వేరుచేసి పెట్టుకోండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి అదనంగా ఉంటే తుపాను రోజుల్లో అదే దిక్కు.

క్యానిస్టర్ ఫిల్టరా (మూసిన డబ్బాలో ఉండే ఫిల్టర్), సంపా (ట్యాంక్ కింద పెట్టే తెరిచిన రెండో తొట్టి) అన్న పోలికకి కూడా నా జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. మంచినీటి చేపలు పెంచినవాళ్ళ ఇంట్లో క్యానిస్టర్ ముందే ఉంటుంది, దాన్నే వాడుకోవాలనిపిస్తుంది. వారం వారం విప్పి కడిగే ఓపిక ఉంటే చిన్న ట్యాంక్‌కి నడుస్తుంది. కడగకపోతే లోపల చిక్కిన మురికి నైట్రేట్‌గా మారుతూనే ఉంటుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, కరెంటు కొన్ని గంటలు పోతే మూసిన డబ్బాలో బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళు నీళ్ళు నేరుగా చేపల మీదికి వస్తాయి. చాలాసేపు ఆగిన క్యానిస్టర్‌ని, మూసిన రియాక్టర్‌ని కడగకుండా మళ్ళీ ఆన్ చెయ్యకండి. సంప్‌లో నీళ్ళకి గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. స్థలం ఉంటే సంప్ మొదటి రోజే కట్టించుకోండి. తర్వాత ట్యాంక్‌కి రంధ్రం పెట్టించడం, స్టాండ్ మార్చడం పెద్ద తలనొప్పి. కొన్నాళ్ళు అందులో రిటర్న్ పంపు, హీటర్ తప్ప ఏమీ లేకపోయినా ఫరవాలేదు. పంపు ఆగినప్పుడు పై ట్యాంక్ నుంచి దిగే నీళ్ళకి సంప్‌లో చోటు ఉందో లేదో, కావాలనే స్విచ్ ఆపి ఒకసారి చూసుకోండి.

వేడి గురించి కూడా ఒక మాట. పైనుంచి ఫ్యాన్ పెడితే ఆవిరై చల్లబడుతుందన్నది నిజమే. కానీ బరంపురం తీరపు ఉక్కలో ఫ్యాన్ అంత పని చెయ్యదు. కోరాపుట్, జయపురం కొండ ప్రాంతంలో ఉన్నవాళ్ళకి ఫ్యాన్ సరిపోవచ్చు. తీరంలో రాతి పగడాల ఆలోచన ఉంటే చిల్లర్‌కి డబ్బు దాచుకోండి. అది అదనపు ఫిల్టర్లకంటే ముందు రావాలి.

చేపలు వచ్చాక: దూది, కార్బన్

ఫిల్టర్ దూది, సాక్ లాంటివి మొదటి చేపతో పాటే పెట్టొచ్చు. ఖర్చు తక్కువ. షరతు ఒక్కటే, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మార్చలేనివాళ్ళు పెట్టకపోవడమే నయం.

యాక్టివేటెడ్ కార్బన్‌కి పని కనిపించేది నీళ్ళు పసుపు తిరిగినప్పుడు. తెల్ల కప్పులో ట్యాంక్ నీళ్ళు పోసి, పక్కన కొత్త ఉప్పు నీళ్ళు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రెండోది, లెదర్ కోరల్ లాంటి మెత్తటి పగడాలూ రాతి పగడాలూ ఒకే ట్యాంక్‌లో ఉన్నప్పుడు. మెత్తటివి వదిలే రసాయనాలు రాతి పగడాల్ని అణచివేస్తాయి, కార్బన్ వాటిని లాగేస్తుంది. ఈ రెండూ లేనప్పుడు అది అల్మారాలోనే ఉండనివ్వండి. దానికి రియాక్టర్ అక్కర్లేదు, గుడ్డ సంచిలో నీళ్ళు పారే చోట పెట్టి నెలకోసారి మారిస్తే చాలు. వాడేముందు ఆర్‌ఓ నీళ్ళతో నల్లటి దుమ్ము పోయేదాకా కడగాలి.

నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగితే

పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మూడో వారానికే నైట్రేట్ 80 చూపిస్తోంది, రియాక్టర్ తెప్పించనా?" అని. "ముందు నైట్రైట్ ఎంతుందో చూసి చెప్పు" అన్నాను. కిట్ రంగు చివరి గడి దాటిపోయింది. అది సైకిల్ మధ్యలో ఉన్న ట్యాంక్. నైట్రేట్ కిట్‌లు ముందు నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌నే రంగుతో కొలుస్తాయి. నీళ్ళలో అప్పటికే నైట్రైట్ ఉంటే నైట్రేట్ అంకె ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా నైట్రేట్ అంకెని నమ్మి ఏమీ కొనకూడదు.

సైకిల్ అయిపోయాక వచ్చే గోధుమరంగు పొడి లాంటి పొర డయాటమ్‌లు. రాయిలో, నీళ్ళలో ఉన్న సిలికేట్ తిని పెరిగి, అది అయిపోగానే వాటంతటవే తగ్గుతాయి. తర్వాత పచ్చ నాచు వస్తుంది. ఈ మూడు, నాలుగు నెలల వికారపు దశలోనే అందరూ భయపడి అన్ని సామాన్లూ కొనేస్తారు. నత్తలు, చేత్తో పీకడం, నీళ్ళు మార్చడం, ఇవి చాలు. ఇక్కడ ఓపికే మందు.

అంకెలు నిజంగా పెరిగితే మూడు దారులు. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే అసలు ఏ దారీ అక్కర్లేదు, అది పగడాలకి తిండి.

నీళ్ళు మార్చడం మొదటి దారి. చిన్న ట్యాంక్‌కి దీన్ని మించింది లేదు. దాని హద్దు కూడా తెలుసుకోవాలి. పది శాతం నీళ్ళు మారిస్తే పది శాతం నైట్రేటే పోతుంది, 40 ఉన్నది 36 అవుతుంది. కొత్తగా ఏమీ చేరకపోయినా 40ని 10కి తేవడానికి పదమూడు, పద్నాలుగు సార్లు మార్చాలి. పెద్ద ట్యాంక్‌లో మేత తగ్గించకుండా నీళ్ళు మార్చి మాత్రమే గెలవలేం.

రిఫ్యూజియం రెండోది. సంప్‌లో ఒక అరలో కీటోమార్ఫా నాచు, దాని పైన లైటు. నాచు పెరిగేకొద్దీ నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ తాగేస్తుంది, పిడికెడు పిడికెడుగా కోసి పారేస్తే అవి ట్యాంక్ దాటినట్టు. రాత్రిపూట లైటు వేస్తే పీహెచ్ మరీ పడిపోకుండా ఉంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. రెండు మూడు చేపలకి మించి మేత పడుతూ, నైట్రేట్ 10 దాటి పైకే వెళుతున్నప్పుడు దీన్ని మొదలుపెట్టాలి. నైట్రేట్ కనిపించని ట్యాంక్‌లో పెడితే నాచు తెల్లబడి కరిగి, తాగిందంతా మళ్ళీ నీళ్ళలోకే వదులుతుంది.

మూడోది ఫాస్ఫేట్ తీసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, దుకాణాల్లో జీఎఫ్‌ఓ అంటారు. ఇది ఫాస్ఫేట్‌ని తీస్తుంది, నైట్రేట్ జోలికి పోదు. నైట్రేట్ అదుపులో ఉండి ఫాస్ఫేట్ ఒక్కటే 0.2, 0.3 దగ్గర మొండికేసినప్పుడు దీనికి సమయం. ఎండు రాయితో మొదలుపెట్టిన ట్యాంకుల్లో ఇలా జరుగుతుంది, రాయి తనలో పట్టి ఉంచిన ఫాస్ఫేట్‌ని నెలల పాటు వదులుతూనే ఉంటుంది. డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి కొలుస్తూ పెంచండి. ఒక్కసారి సున్నాకి లాగితే పగడాల కణజాలం ఊడిపోతుంది.

ఎక్కువగా రెండు అంకెలూ సున్నా అయిన ట్యాంక్‌లోనే డైనోఫ్లాజెల్లేట్‌లు వస్తాయి. ముక్కు చీమిడి లాంటి గోధుమ తీగలు, వాటిలో చిక్కుకున్న గాలి బుడగలు. డయాటమ్ అనుకుని ఇంకో ఫిల్టర్ తగిలిస్తే ఇంకా పెరుగుతాయి. అప్పుడు చెయ్యాల్సింది జీఎఫ్‌ఓ తీసెయ్యడం, రిఫ్యూజియం లైటు తగ్గించడం, మేత పెంచడం. ఫిల్టర్ ముందే పెడితే నష్టమేంటని అడిగేవాళ్ళకి నేను చూపించే జవాబు ఇదే.

యూవీ, మిగతావి

యూవీ దాని గుండా పోయే నీళ్ళలో తేలేవాటినే చంపుతుంది. రాయి మీద ఉన్న నాచునీ, రాయిలోని బ్యాక్టీరియానీ తాకదు. నీళ్ళు పాలలాగానో, పచ్చగానో మారినప్పుడు, రాత్రిపూట నీళ్ళలోకి లేచే రకం డైనోఫ్లాజెల్లేట్ పట్టినప్పుడు బాగా పనిచేస్తుంది. తెల్ల చుక్కల జబ్బుని కొంత అదుపు చేస్తుంది, నయం చెయ్యదు. ఆ డబ్బుతో ఒక చిన్న క్వారంటైన్ ట్యాంక్ పెట్టి, కొత్త చేపని అక్కడ నెల, నెలన్నర ఉంచడం నా దృష్టిలో మెరుగైన ఎంపిక.

నైట్రేట్ తీసే బ్యాక్టీరియాని పెంచే బయోపెల్లెట్లు, సల్ఫర్ రియాక్టర్ లాంటివి చేపలు ఎక్కువున్న పెద్ద ట్యాంకులకి, అదీ ఏడాది దాటాక. క్యాల్షియం రియాక్టర్ ఫిల్టర్ కాదు, పగడాలకి క్యాల్షియం అందించేది, రాతి పగడాలు పెరిగి ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బొనేట్ల మోతాదు) రోజూ పడిపోతున్నప్పుడు దాని సంగతి చూడొచ్చు.

మీ ట్యాంక్‌కి ఏది?

చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి 80 లీటర్ల ట్యాంక్, మెత్తటి పగడాలు, డీఐ నీళ్ళు, ఒక వేవ్‌మేకర్, బ్యాటరీ గాలి పంపు, కిట్‌లు. ఇంతే. స్కిమ్మర్ వద్దు. సొంత ఇల్లు, 200 నుంచి 300 లీటర్లు, ఐదారు చేపలు అనుకుంటే సంప్ మొదటి రోజు, స్కిమ్మర్ సైకిల్ చివర్లో, రిఫ్యూజియం అర ఖాళీగా ఉంచి నైట్రేట్ అడిగినప్పుడు నింపడం. తరచూ ఊళ్ళు తిరిగేవాళ్ళకి నీళ్ళు మార్చే పద్ధతి కుదరదు, స్కిమ్మర్‌తో పాటు ఆవిరైన నీళ్ళు దానంతటదే పోసే ఆటో టాప్ ఆఫ్ కూడా మొదట్లోనే పెట్టుకోవాలి. ఇంట్లో ఒకరికైనా ఏ ప్లగ్ తీయాలో, ఎంత మేత వెయ్యాలో నేర్పండి.

దూరం నుంచి తెప్పించుకునే మనకి ఒకే పార్సిల్‌లో రావాల్సినవి కొన్ని నిజంగానే ఉన్నాయి. వేవ్‌మేకర్ ఇంకొకటి, స్కిమ్మర్ పంపుకి అదనపు ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం), డీఐ రెసిన్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ కిట్‌లు, ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్, దాన్ని సరిచూసే 35 పీపీటీ ద్రావణం. వేవ్‌మేకరో, ఇంపెల్లరో పాడై విశాఖ నుంచి కొత్తది వచ్చేలోపు నీళ్ళు కదలకుండా ఉండిపోకూడదు. కిట్‌ల మీద గడువు తేదీ చూసి తీసుకోండి, పాత రీజెంట్ ఇచ్చే తప్పుడు అంకెతో అక్కర్లేని ఫిల్టర్ కొనేస్తాం. ఆ అంకెల్ని వారానికోసారి ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. వరుసగా మూడు వారాలు ఒకే దిశలో కదిలిన అంకె కనిపించినప్పుడు దుకాణానికి ఫోన్ చెయ్యొచ్చు.